వెదికేవారికి కనబడే తెలుగు పుట

గ్రంథం వ్రాయడం ఒక ఎత్తు; ఆ గ్రంథం అవసరమైన పాఠకుని చేతికి చేరడం మరొక ఎత్తు. ఈ రెండవ పని ఎంత గొప్పదో కృష్ణాతీరవాసులకు వేరుగా చెప్పనవసరం లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మహాసభ జరిపినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలైన పెద్దల ఎదుట ఉన్న సమస్య ఇదే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయాన్ని నడిపి గట్టు వెంబడి పల్లెలకు పుస్తకాలను అందజేశారు. పాఠకుడు పుస్తకం వద్దకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకుని రేవుకు వెళ్లాలన్నది ఆ పడవ నేర్పిన పాఠం.

నేడు పాఠకుడు చేతిలోని ఫోనులో రెండు మూడు మాటలు వ్రాసి, లేదా నోటితో పలికి, సమాధానం కొరకు ఎదురుచూస్తున్నాడు. అతని మాటలకు తగిన పుటలను ఏరి, ఒక వరుసలో పేర్చి చూపే సాధనమే శోధన యంత్రం. వాడుకలో సెర్చ్ ఇంజన్. ఆ వరుసలో మొదటి నాలుగైదు పుటలను చూచినవాడు సాధారణంగా ఆరవదాని జోలికి పోడు. కావున మంచి విషయం వ్రాసి వెబ్‌సైటులో పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. అది ఆ వరుసలోనికి ఎట్లా వస్తుందో, ఎందువల్ల రాకుండా పోతుందో తెలుసుకోవాలి. ఈ విద్యను వర్తకులు ప్రచార విద్యగా భావిస్తారు. కాని తెలుగువారికి, అందులోనూ తెలుగు ఉర్దూ భాషలు రెండింటినీ పోషించుకొనే మన వంటి చిన్న సంస్థలకు, ఇది మొదట అక్షరాలకు సంబంధించిన సమస్య అని నా మనవి. విద్యార్థులకు ఈ విషయాన్ని క్రమంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రం చేసే మూడు పనులు

శోధన యంత్రం మనం ప్రశ్న వేసిన క్షణాన ప్రపంచమంతా గాలించదు. ముందుగానే గాలించి పెట్టుకొంటుంది. దాని మొదటి పని సంచారం. ఒక పుటనుండి మరొక పుటకు ఉన్న లంకెలను పట్టుకొని, ఊరినుండి ఊరికి బాట పట్టిన బాటసారి వలె, అది పుటలన్నిటినీ చూచుకొంటూ పోతుంది. ఏ లంకె లేని పుట దారి లేని ఊరి వంటిది. అక్కడికి యంత్రం చేరడం కష్టం.

రెండవ పని సూచిక తయారుచేయడం. పెద్ద గ్రంథాల చివర అకారాది క్రమంలో మాటలను, అవి ఉన్న పుటల సంఖ్యలను ఇస్తారు గదా, ఇదీ అటువంటిదే. ఉర్దూ విద్యార్థులకు ఫెహ్రిస్తు అనే మాట పరిచితమే. పదవ శతాబ్దిలో బాగ్దాదులో ఇబ్నె నదీమ్ అనే పుస్తక విక్రేత తన కాలానికి లభించిన అరబ్బీ గ్రంథాల వివరాలను సేకరించి కూర్చిన మహాగ్రంథం పేరు అల్ ఫెహ్రిస్త్. సూచిక లేకపోతే విద్య ఉండి కూడా లేనట్లేనని ఆనాడే గ్రహించారన్నమాట.

మూడవ పని వరుస నిర్ణయించడం. ఒక ప్రశ్నకు లక్ష పుటలు తగినవిగా తోచినప్పుడు ఏది ముందు, ఏది వెనుక? ఈ నిర్ణయానికి వాడే గణిత పద్ధతులను ఆల్గారిథములంటారు. తొమ్మిదవ శతాబ్దపు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరునుండే ఆ మాట పుట్టింది. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనేవారు గూగుల్‌ను స్థాపించారు. ఒక పుటకు ఎన్ని ఇతర పుటలనుండి లంకెలున్నవి, ఆ లంకె ఇచ్చిన పుటలు ఎంత గౌరవనీయమైనవి అని లెక్కించడం వారి పద్ధతిలోని ప్రధాన సూత్రం. శాస్త్రజ్ఞులు ఏ వ్యాసాన్ని ఎక్కువగా ఉదాహరిస్తున్నారో లెక్కించే సంప్రదాయం 1960ల నుండి యూజీన్ గార్ఫీల్డు కృషివల్ల ఉన్నదే. ఈ యువకులు దానిని వెబ్ పుటలకు అన్వయించారు. నేడు గూగుల్ లంకెలతోపాటు ఇంకా అనేక విషయాలను పరిశీలిస్తున్నది. అయినా పెద్దమనిషి చెప్పిన సాక్ష్యానికి ఉన్న విలువ దారిన పోయేవాని సాక్ష్యానికి ఉండదన్న న్యాయం మారలేదు.

మొదట అక్షరం నిజమైనది కావాలి

ఇక మన భాష దగ్గరకు వద్దాము. కంప్యూటరుకు అక్షరం యొక్క ఆకారం తెలియదు. దాని సంఖ్య మాత్రమే తెలుసు. ‘క’ అనే అక్షరానికి ఏ సంఖ్య అన్నది అందరూ ఒప్పుకొంటేనే ఒకరు వ్రాసినది మరొకరి యంత్రం చదవగలదు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం ప్రపంచ భాషల లిపులకు ఇట్టి ఉమ్మడి సంఖ్యలను ఏర్పరచింది. అందులో తెలుగుకు 128 స్థానాల గడి ఒకటి కేటాయించబడినది.

అయితే తెలుగు వెబ్‌సైట్లు మొదలైన 1990లలో ఈ ప్రమాణం వాడుకలోకి రాలేదు. పత్రికలు, ముద్రణాలయాలు తమ తమ సొంత ఫాంటులతో పని నడిపించుకొన్నాయి. ఆ ఫాంటులలో ఒక ఆంగ్లాక్షరం ఉండవలసిన చోట తెలుగు అక్షరం బొమ్మను పెట్టేవారు. ఆ ఫాంటు ఉన్నవారికి తెరపై చక్కని తెలుగు కనబడేది. శోధన యంత్రానికి మాత్రం అది అర్థం లేని ఆంగ్లాక్షరాల గుంపు. ఆ కారణంగా ఆనాటి తెలుగు పత్రికల వెబ్ పుటలలో వేలాది వ్యాసాలు ఉండి కూడా, తెలుగు మాటతో వెదికినవారికి ఒక్కటీ దొరికేది కాదు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు చేరింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన ఫాంటును తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జున గారు, పాత ఫాంటులలోని పుటలను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని కూడా రూపొందించారు. ఇట్టివారి కృషి వల్ల తెలుగు అక్షరం శోధన యంత్రానికి చదువదగినదయింది.

ఉర్దూకు వచ్చిన చిక్కు ఇంకొక రూపంలో వచ్చింది. నస్తాలీఖ్ లిపి సౌందర్యాన్ని ఆనాటి సాధనాలు నిలుపలేకపోయినందున, చాలా ఉర్దూ పత్రికలు చాలాకాలం తమ పుటలను బొమ్మలుగానే వెబ్‌లో పెట్టాయి. కంటికి అది గజల్. యంత్రానికి అది ఛాయాచిత్రం. అంతేకాదు, ఉర్దూ ‘యే’ అక్షరానికి ఒక సంఖ్య, అరబ్బీ ‘యే’ అక్షరానికి మరొక సంఖ్య ఉన్నవి. చాలా చోట్ల రెండూ ఒకే రీతిగా కనబడతాయి. అరబ్బీ కీబోర్డుతో ఉర్దూ వ్రాసినవాని మాట, ఉర్దూ కీబోర్డుతో వెదికినవానికి దొరకకపోవచ్చును. ‘కాఫ్’ విషయం కూడా ఇట్టిదే.

ఈ జబ్బు పూర్తిగా పోయిందనుకొనరాదు. నేటికీ అచ్చు కొరకు పాత ఫాంటులలో కూర్చిన కరపత్రాన్ని ఫొటో తీసి వెబ్‌సైటులో అతికించడం చాలా సంస్థలకు అలవాటు. ప్రవేశాల ప్రకటన, ఫీజుల పట్టిక, ఉపకారవేతనాల చివరి తేదీ, అన్నీ బొమ్మలే. బొమ్మలోని అక్షరాలను చదివే సాధనాలు నేడు ఉన్నవి గాని అవి తెలుగు వత్తుల వద్ద, నస్తాలీఖ్ చుక్కల వద్ద తడబడుతూనే ఉంటాయి. కావున మొదటి సూత్రం: చెప్పదలచినది యూనికోడ్ అక్షరాలలో వ్రాయాలి, బొమ్మ దానికి తోడుగా ఉండవచ్చును గాని దాని బదులుగా ఉండరాదు. బొమ్మ పెట్టినప్పుడు కూడా అందులో ఏమున్నదో ఒక వాక్యంలో వివరణ జతచేయాలి. అది యంత్రానికే కాక, చూపు లేనివారికి పుటను చదివి వినిపించే సాధనానికి కూడా ఉపకరిస్తుంది.

రెండవది, జనం పిలిచే పేరు

మన హనుమాన్ జంక్షన్‌నే ఉదాహరణగా తీసుకొందాము. విజయవాడనుండి ఏలూరు పోయే జాతీయ రహదారిపై, ఒకవైపు నూజివీడుకు, మరొకవైపు గుడివాడకు బాటలు చీలే కూడలి ఇది. కొందరు రెండు మాటలుగా వ్రాస్తారు, కొందరు కలిపి వ్రాస్తారు, కొందరు చివర ‘జంక్షను’ అని ఉకారం చేరుస్తారు, మరికొందరు ఆంగ్లాక్షరాలలో వ్రాస్తారు. చుట్టుపక్కలవారు ఉత్త ‘జంక్షన్’ అంటే చాలునంటారు. పైగా 2001లో ఇదే పేరుతో ఒక చలనచిత్రం వచ్చింది. ఇక్కడి దుకాణం కొరకో కళాశాల కొరకో వెదికినవానికి ఆ చిత్రం పాటలు ఎదురుకావడంలో ఆశ్చర్యమేమున్నది? పుటలో ‘బాపులపాడు మండలం, కృష్ణా జిల్లా’ అని ఒక్క మాట స్పష్టంగా వ్రాసి ఉంటే యంత్రానికి ఊరికీ చిత్రానికీ భేదం తెలుస్తుంది.

మచిలీపట్నం సంగతి చూడండి. ఊరు పత్రాలలో మచిలీపట్నం, నోటిమాటలో బందరు. మిఠాయి కావలసినవాడు ‘బందరు లడ్డు’ అని వెదకుతాడే గాని ‘మచిలీపట్నం లడ్డు’ అనడు. చిలకలపూడి నగలను ఒకరు రోల్డుగోల్డు అని, ఒకరు గిల్టునగలని, ఒకరు వన్ గ్రామ్ గోల్డ్ అని పిలుస్తారు. తయారుచేసేవాని మాట ఒకటి, కొనేవాని మాట మరొకటి అయినప్పుడు ఇద్దరి మధ్య వంతెన వేయవలసినవాడు పుట వ్రాసినవాడే. నేటి యంత్రాలు వర్ణక్రమంలోని కొన్ని భేదాలను తామే సరిదిద్దుకొనగలవు. అయినా మాటే వేరైనప్పుడు వాటిపై భారం వేయడం వివేకం కాదు. వాడుకలో ఉన్న పేర్లన్నిటినీ వాక్యాలలో సహజంగా ఒక్కొక్కసారి వచ్చేట్లు వ్రాస్తే చాలును. ఒకే మాటను పుటనిండా కూరడం మాత్రం తగదు. అది పాఠకునికి విసుగు, యంత్రానికి అనుమానం కలిగిస్తుంది.

పేర్లు కాలంతోపాటు మారడం కూడా కలదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను తిరిగి ఏర్పరచినప్పుడు కొండపల్లి కృష్ణా జిల్లానుండి కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. కొండపల్లి బొమ్మలను గూర్చిన పుటలో పాత జిల్లా పేరు మాత్రమే మిగిలిపోతే అది పాఠకుని తప్పుదారి పట్టిస్తుంది. వ్రాసిన పుటను ఏటా ఒకసారి విప్పి సరిచూడడం గృహస్థు ఇంటికి వెల్ల వేయించడం వంటిది.

మూడవది, పుట నిర్మాణం

ప్రతి పుటకు ఒక శీర్షిక ఉండాలి. శోధన ఫలితాలలో పాఠకునికి మొదట కనబడేది అదే. నూజివీడు చుట్టుపక్కల మామిడి రైతు ఒకడు తన తోట కాయలను పార్సెలు ద్వారా అమ్మదలచి వెబ్‌సైటు పెట్టుకొన్నాడనుకొందాము. దాని మొదటి పుటకు ‘స్వాగతం’ అని శీర్షిక పెడితే ఎవ్వరికీ ఏమీ తెలియదు. ‘నూజివీడు చిన్నరసం మామిడి: తోటనుండి ఇంటికి పార్సెలు’ అని పెడితే వెదికేవాడు తాను కోరినది ఇక్కడ ఉన్నదని గుర్తిస్తాడు. శీర్షిక కింద రెండు వాక్యాల సంగ్రహం, పుటలో విషయానుసారంగా ఉపశీర్షికలు, కాయలు ఏ నెలలలో దొరుకుతాయి, పెట్టెకు ఎన్ని పట్టును, ధర ఎంత, చెడిపోతే ఏమి చేయాలి అన్న ప్రశ్నలకు సూటియైన సమాధానాలు ఉండాలి. కొనేవాడు అడిగే ప్రశ్నలే పుటకు నిజమైన ప్రణాళిక. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పుట, ఆ పుటల మధ్య లంకెలు, అన్నిటి పట్టిక అయిన సైట్‌మ్యాపు ఉంటే యంత్రం దారి తప్పదు.

పుట త్వరగా తెరుచుకోవడం కూడా ముఖ్యమే. మన ప్రాంతంలో ఎక్కువమంది ఫోనులోనే చూస్తారు. బరువైన ఫొటోలు పది పెట్టిన పుట సిగ్నలు తక్కువగా ఉన్న పల్లెలో తెరుచుకొనేలోగా పాఠకుడు వెనుదిరుగుతాడు. ఫోనులో సులభంగా చదువదగిన పుటలకు ప్రాధాన్యమిస్తామని గూగుల్ 2015లోనే ప్రకటించి అమలుచేసింది. ఫొటోల పరిమాణాన్ని తగ్గించడం ఏ విద్యార్థియైనా చేయగల పని.

నాల్గవది, ఇతరుల సాక్ష్యం, అడ్డదారుల ఫలితం

పుటకు పేరు తెచ్చేది ఇతరులు ఇచ్చే లంకె. దానిని అడిగి తెచ్చుకొనడంలో తప్పు లేదు. కొని తెచ్చుకొనడంలో ఉన్నది. పెడన కలంకారీ అద్దకాన్ని గూర్చి ఒక విద్యార్థి అచ్చు దిమ్మెల తయారీ, సహజ రంగులు, ఉతుకు విధానం స్వయంగా చూచి చక్కని వ్యాసం వ్రాస్తే, చేనేతపై ఆసక్తి గలవారు తామే దానికి లంకె ఇస్తారు. ఆ సాక్ష్యం నిలుస్తుంది.

అడ్డదారులు తొక్కినవారి గతి ఏమైనదో చూడండి. 2006లో ప్రఖ్యాత మోటారు సంస్థ బీఎండబ్ల్యూ వారి జర్మనీ వెబ్‌సైటు, యంత్రానికి ఒక పుట, మనుష్యులకు మరొక పుట చూపినదని గూగుల్ తన సూచికనుండి కొన్నాళ్లు తొలగించింది. అంతటి సంస్థకే తప్పలేదు. యంత్రం కొరకు పుట లోపల దాచిపెట్టే ముఖ్యపదాల జాబితాను వరుస నిర్ణయంలో లెక్కించడం లేదని 2009లో గూగుల్ బహిరంగంగా తెలిపింది. 2011లో పాండా అనే మార్పు ద్వారా సారం లేని పుటలను, 2012లో పెంగ్విన్ అనే మార్పు ద్వారా కొనుగోలు లంకెలపై ఆధారపడినవాటిని వెనుకకు నెట్టింది. ‘నెలలో మొదటి స్థానం ఖాయం’ అని సొమ్ము అడిగే వారిని నమ్మరాదు. ఆ స్థానం అమ్మే అధికారం వారి చేతిలో లేదు. గూగుల్‌కు సొమ్ము చెల్లించి వేయించే ప్రకటనలు వేరు. అవి ప్రకటనలని గుర్తుతోనే కనబడతాయి. చెల్లింపు ఆగితే అవీ ఆగిపోతాయి.

కొలత, ఓర్పు

చేసిన కృషి ఫలించినదీ లేనిదీ తెలియడానికి గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనం కలదు. ఏ మాటలతో వెదికినవారికి మన పుట కనబడింది, వారిలో ఎందరు లోపలికి వచ్చారు అన్నది అందులో తెలుస్తుంది. కనబడి కూడా ఎవరూ రాకపోతే శీర్షికలో లోపమున్నదేమో చూచుకోవాలి. అసలు కనబడకపోతే పుట సూచికలో చేరినదో లేదో విచారించాలి. వచ్చినవారి సంఖ్య మాత్రమే లెక్క కాదు. వేయిమంది వచ్చి వెళ్లడంకంటె, ఉపకారవేతనం చివరి తేదీ తెలుసుకొని పదిమంది దరఖాస్తు చేయడం మేలు. వరి నాటిన మరునాడే కోతకు రాదు. కొత్త పుటకు స్థానం రావడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పట్టును.

ఇటీవల మరొక మార్పు వచ్చింది. 2024నుండి భారతదేశంలో గూగుల్ అనేక ప్రశ్నలకు కృత్రిమ మేధతో కూర్చిన సమాధానాన్ని ఫలితాలకు పైననే చూపుతున్నది. సమాధానం అక్కడే దొరకడంతో పుటలోనికి రాకుండానే వెళ్లిపోయేవారు ఉంటారు. ఇక పుటలు వ్రాయడం ఎందుకని కొందరు అడుగవచ్చును. కాని ఆ సమాధానం కూడా ఎక్కడో ఎవరో వ్రాసిన పుటలనుండి కూర్చబడినదే. మనం వ్రాయని విషయంలో అది ఇతరులు వ్రాసినదాన్నే, కొన్నిసార్లు తప్పునే, చెబుతుంది. కావున మన అవసరం తగ్గలేదు, పెరిగింది.

మన కర్తవ్యం

ఇందులో మనకు పోయేదేమిటని ఎవరైనా ప్రశ్నిస్తే నా సమాధానం ఇది. దిమ్మె అద్దకపు కలంకారీ కొరకు వెదికినవానికి మరమీద అచ్చొత్తిన నకలు గుడ్డ ముందుగా కనబడితే, పెడన కార్మికుని కూలి పోతుంది. ఉపకారవేతన ప్రకటన బొమ్మగా ఉండి వెదికిన పిల్లకు దొరకకపోతే ఆమె చదువే ఆగిపోవచ్చును. తెలుగు మాతృభాషగా మాట్లాడే ముస్లిముల ఇళ్లలోని నుడికారం, ఉర్దూ తెలుగు కలిసి నడచిన మన ప్రాంతపు చదువుల చరిత్ర, ఇటువంటి వార్షిక సంచికలలో విద్యార్థులు తరతరాలుగా వ్రాసిన వ్యాసాలు బీరువాలో ఉన్నంతకాలం, వెదికేవాని దృష్టిలో అవి లేనివే.

కావున కళాశాల సంఘంవారికి సవినయంగా మూడు సూచనలు చేస్తున్నాను. మొదటిది, కళాశాల ప్రకటనలన్నీ ఇకమీదట తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ యూనికోడ్ అక్షరాలలోనే వెబ్‌సైటులో పెట్టాలి. రెండవది, వార్షిక సంచిక అచ్చయిన తరువాత ప్రతి వ్యాసాన్ని రచయిత అనుమతితో విడి పుటగా, తగిన శీర్షికతో ప్రచురించాలి. మూడవది, పాత సంచికలను స్కాను చేయించి, యంత్రం చదివిన పాఠాన్ని విద్యార్థులచేత సరిదిద్దించాలి. ఒక్కొక్క విద్యార్థి వారానికి రెండు పుటలు దిద్దినా, ముప్పదిమంది ఉన్న ఒక తరగతి ఒక విద్యా సంవత్సరంలో అనేక సంచికలను వెలుగులోనికి తేగలదు. ఈ పనికి పెద్ద ధనం అక్కరలేదు. వర్ణక్రమ జ్ఞానం, ఓర్పు ఉంటే చాలును. విద్యార్థులకు అది భాషాభ్యాసం కూడా అవుతుంది.

గ్రంథాలయ శాస్త్రానికి సూత్రాలు ఏర్పరచిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే పాఠకుని కాలాన్ని ఆదా చేయడం గ్రంథాలయ ధర్మాలలో ఒకటిగా చెప్పారు. వెబ్ పుటకూ ధర్మం అదే. శోధన యంత్రాలు మారుతాయి, వాటి లెక్కలు మారుతాయి. నిజమైన అక్షరంతో, జనం పలికే పేరుతో, అడిగినవానికి సూటిగా సమాధానం చెప్పిన పుటకు మాత్రం ఏ లెక్కలోనైనా చోటు దొరుకుతుంది. ఆ చోటు సంపాదించే పనిని ఈ సంవత్సరమే, ఈ సంచికతోనే ఆరంభించవలసినదిగా విద్యార్థి మిత్రులను కోరుతున్నాను.